బాపు చిటికెడు, నా చిటికెలు మూడు

పోయినవాటిని ముందు లెక్క వేసుకుంటాను. అలా మొదలుపెట్టకపోతే ఏదీ వరసగా చెప్పడం నాకు చేతకాదు.

రాతి రోలు ఒకటి. పొన్ను ఊడిన రోకలి ఒకటి. జొన్నలు పోసుకునే గుమ్మి ఒకటి. రేకు డబ్బాలు రెండు, ఒకటి పొడికి, ఒకటి చక్కెరకు. దూలానికి వేలాడే చేపల వల ఒకటి. మూల విరిగిన పలక ఒకటి. ఇవన్నీ ఉన్న రెండు గదుల పెంకుటిల్లు ఒకటి. మనుషులు ముగ్గురు: బాపు, అమ్మ, పెద్దమ్మ. వెరసి పదకొండు. ఆ పొడి వాసన ఒకటి పన్నెండోదిగా ఇన్నేళ్లూ పోయినవాటిలోనే ఉండేది. పోయిన నెల అది తిరిగి వచ్చింది గనక కొట్టేశాను.

అది వచ్చిన తీరు ఇది. దవాఖానలో నెత్తురు పరీక్ష చేసి నాకు షుగర్ ఉందన్నారు, గోళీలు రాశారు. మరుసటి ఆదివారం మా అమ్మాయి ఒక పొట్లం పట్టుకొచ్చింది. దాల్చిన చెక్క పొడి, నూరు గ్రాములు. పొట్లం వెనక మంచి గుణాలు తొమ్మిది రాసి ఉన్నాయి, నేను లెక్కపెట్టాను.

"అమ్మా, పొద్దుగాల గోరువెచ్చటి నీళ్లల్ల ఏస్కొని తాగు. షుగర్ దిగుతదంట, గుండెకు మంచిదంట, బరువు సుత తగ్గుతరంట."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఫోన్ల చూసిన."

"ఫోన్లున్నాయన నా చెయ్యి పట్టి చూసిండా?"

"నువ్ ఊకో అమ్మా. గోళీలు బందు పెట్టుమన్ననా? గవి ఏస్కుంటనే జరంత ఇది సుత తాగుమంటున్న."

మాట్లాడుతూనే కత్తెరతో పొట్లం మూల కోసింది. నేను గోడ పట్టుకుని కింద కూర్చున్నాను. షుగర్ పడిపోయిందేమోనని అది బిస్కెట్ కోసం పరుగెత్తింది. నాకు పడిపోయింది షుగర్ కాదు.

నేను చదివింది మూడో తరగతి. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ నాకు నేను నేర్చుకున్నవే. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లు లేని రోజుల్లో ఇంటి ముందు పొయ్యి తవ్వి పెళ్లి వంట చేసేవాళ్లు. ఎంతమందికి ఎంత సామాను కావాలో నన్ను అడిగి పోయేవాళ్లు. నూరు మందికి బగారా అన్నమంటే పన్నెండు కిలోల బియ్యం, మూడు తులాల చెక్క, లవంగం అందులో సగం. కాగితం లేకుండా చెప్పేదాన్ని. ఈ విద్య నాకు పెద్దమ్మ దగ్గర వచ్చిందని అందరూ అనుకుంటారు. వంట పెద్దమ్మ దగ్గర వచ్చింది. లెక్క మాత్రం అంతకు ముందే, బాపుకు మందు వేస్తూ నేర్చుకున్నాను.

బాపు చేపలు పట్టే మనిషి. మా చెరువు నిండితే ఊళ్లకు ఊళ్లు బతికేవి. కానీ నా చిన్నతనంలో అది చాలా ఏళ్లు నిండలేదు. నడి చెరువులో మేకలు మేసేవి. వలను దూలానికి కట్టేసి బాపు కంకర మిషన్ పనికి వెళ్లాడు. సాయంత్రం తల నుంచి కాళ్ల దాకా తెల్లగా తిరిగొచ్చేవాడు. కళ్లు మాత్రం నల్లగా మెరిసేవి. "పిండి మనిషొచ్చిండు" అని నేను గంతులు వేసేదాన్ని. అమ్మ అతని అంగీని గడప బయట దులిపేది. ఆ తెల్లటి దుమ్ములో నేను వేలితో ఒంట్లు రాసేదాన్ని. అది బాపు లోపల కూడా చేరుతోందని మాకెవరికీ తెలియదు.

రెండో ఏడు మిషన్ బెల్టులో పడి కుడి చేతి బొటనవేలు మొదటి కణుపు దాకా పోయింది. మూడో ఏడు దగ్గు మొదలైంది. మొదట పొద్దున మాత్రమే, తర్వాత రోజంతా. మనిషి మంచానికి అంటుకుపోయాడు. అమ్మ కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. బాపు దగ్గర ఉండడానికి నేను బడి మానేశాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

అప్పుడు కందుకూరు నుంచి పెద్దమ్మ వచ్చింది, అమ్మకు అక్క. పెళ్లిళ్లకు వండేది. ఆ పనికి ఒక ఆచారం ఉండేది: వంట అయ్యాక మసాలా గుడ్డలో మిగిలిందంతా వండినావిడదే. అందుకని పెద్దమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ దాల్చిన చెక్క ఉండేది. ఆమె బస్సు దిగి ఇంకా గల్లీ మొదట్లో ఉండగానే నాకు పెళ్లి వాసన వచ్చేది.

బాపును చూసి ఆమె అతని వీపు మీద చెయ్యి పెట్టి దగ్గు ఆగేదాకా కూర్చుంది. ఆ తర్వాత ముడి విప్పింది. చెక్కను చాటలో పోసి ఎండబెట్టింది, పెంకు మీద కొంచెం వెచ్చచేసింది, రోట్లో పోసి దంచింది. నేను పాత ధోవతి గుడ్డ పట్టుకుంటే వస్త్రకాళితం చేసింది. గుడ్డ మీద మిగిలిన రవ్వను కూడా పారేయలేదు, చాయ్‌లోకని పక్కన పెట్టింది. ఆ పొడి ఎర్రమట్టి రంగులో, పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది. దంచుతున్నంతసేపూ నేను అడుగుతూనే ఉన్నాను.

"దాసించెక్క ఎందుకు పనికొస్తది పెద్దమ్మా?"

"ఎందుకు రాదో అడుగు. సర్ది పడితే తేనెల రంగరించి నాకాలె. కడుపుబ్బితే ఉడుకు నీళ్లల్ల తాగాలె. తల నొస్తే నీళ్లతోని కలిపి నొసటికి పట్టెయ్యాలె. పన్ను గుంజితే లవంగప్పొడిల కలిపి అదుమాలె. బాలింతకు బెల్లంల కలిపి చిన్న ఉండ. కడుపుతోని ఉన్నదానికి మాత్రం ఇయ్యద్దు."

"ఎక్కువ తింటే?"

"నోరు పొక్కుతది. నీ లెక్క వాగేటోళ్లకు ఇంకా జల్ది పొక్కుతది."

"మరి బాపు దగ్గు పోతదా?"

రోకలి ఒక్క క్షణం ఆగింది. "నలభై ఒక్క దినాలు తప్పకుంట పడాలె" అంది. అవునని అనలేదు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

ఆమె మందుకు ఒక కట్టు ఉండేది. ఎవరి మందు వాళ్ల సొంత చిటికెడే. పెద్ద మనిషికి పెద్ద వేళ్లు, పెద్ద చిటికెడు. పిల్లకు చిన్న వేళ్లు, చిన్న చిటికెడు. ఒంటికి ఎంత కావాలో వేళ్లకు తెలుసు అనేది. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, చెంచాలు లేని ఇళ్లలో అది మంచి కొలతే అనిపిస్తుంది. చిక్కల్లా బాపు దగ్గర వచ్చింది. చిటికెడు తీయడానికి కుడి చేతికి బొటనవేలు లేదు.

"ఎడమ చేత్తోని తీస్కుంట తియ్" అన్నాడు బాపు.

"ఎడమ చేత్తోని తీస్తే మందు పట్టదు" అంది పెద్దమ్మ.

"ఇంకేం జేస్తం వదినా? నా బొటనేలు మిషన్ మింగింది. చిటికెడు దాన్నే అడుగుండ్రి."

నేను నవ్వాను. అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. పెద్దమ్మ నన్ను దగ్గరికి లాక్కుని నా కుడి చేతిని బాపు చేతిలో పెట్టింది. "నీ కడుపుల పుట్టిన చెయ్యంటే నీ చెయ్యే. ఇది తీస్తది" అంది.

అయితే నా వేళ్లు చిన్నవి. బాపు చిటికెడుకు నావి ఎన్ని? నా జీవితంలో మొదటి లెక్క అదే. పలక తెచ్చి మంచం మీద పెట్టాను. తినడానికి కాదు, చూపించడానికే గనక బాపు ఎడమ చేత్తో ఒక చిటికెడు పొడి పలక మీద పోశాడు. పక్కన నేను నా చిటికెడు పోశాను. అది చీమ పుట్టలా ఉంది. ఇంకొకటి పోశాను, చాలలేదు. మూడోది పోశాక ముగ్గురం తలలు వంచి చూశాం. రెండు కుప్పలూ ఒకటే.

"మూడు" అన్నాను.

"గంతేనా? జర సూటిగ చూడు, నాకు తక్కువ పడ్తదేమో" అన్నాడు బాపు.

"తక్కువ పడదు బాపూ. మూడు."

"సరే మరి. ఇగ నువ్వే నా కంపౌండరమ్మవు."

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మోదుగాకు ముక్కలో వేసి ఇవ్వాలి. తేనె దొరకలేదు గనక పెద్దమ్మ చక్కెర కొనిపెట్టింది. అది మందుకు తప్ప ఇంకెందుకూ ముట్టకూడదు. పొడి డబ్బా, చక్కెర డబ్బా గుమ్మి పక్కన పెట్టి వెళ్లింది. గోడ మీద రోజుకొక బొగ్గు గీత గీసేదాన్ని. నలభై ఒకటో గీత పడిన రోజు దూలం మీది వల దింపుతానని, చెరువు మడుగులో ఎక్కడో ఇంత నీళ్లున్నాయని, వల విసరడం నాకు నేర్పుతానని బాపు మాటిచ్చాడు. "ఆడపిల్లకా?" అంది అమ్మ. "కంపౌండరమ్మకు" అన్నాడు బాపు. నేను గీతల కోసమే బతుకుతున్నట్టు ఉండేదాన్ని.

మొదటి మూడు రోజులు న్యాయంగా మూడేసి చిటికెలు వేశాను.

నాలుగో రోజు పొద్దున ఇంట్లో తాగడానికి జొన్న గట్క కూడా సరిగ్గా లేదు. చక్కెర రుచి చూసి ఎన్ని నెలలైందో. గుమ్మి చాటున కూర్చుని మూత తీస్తే పెళ్లి వాసన వచ్చింది. ఆకులు, బగారా అన్నం, కొత్త బట్టలు, డప్పులు అన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి. బాపు ఆకులో రెండు చిటికెలు వేశాను. మూడోది అరచేతిలో పోసుకుని, దాని మీద చక్కెర చల్లి నాకేశాను. నాలుక మొదట తియ్యగా అయి, తర్వాత చిమచిమలాడింది. నలభై ఏళ్లు దాటాయి. ఆ రుచిని మించింది నేను ఇంకోటి తినలేదు.

సాయంత్రమూ అంతే. మరునాడూ అంతే. రెండు బాపుకు, ఒకటి నాకు.

ఒకసారి పొడి పొరబోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాను. బయటి నుంచి బాపు గొంతు వినిపించింది.

"ఏందే, నా దగ్గు నీకంటుకుందా?"

"లేదు బాపూ, దుమ్ము."

"మన ఇంట్ల దుమ్ముకు తక్కువున్నదా? నీళ్లు తాగు."

పగటి పూట బాపు మంచం బయట వేపచెట్టు కింద ఉండేది. నాదర్‌గుల్ వైపు నుంచి నేర్చుకునేవాళ్ల చిన్న విమానాలు మా మీదుగా తిరిగేవి. మా ఇద్దరికీ అదొక ఆట. సాయంత్రం మందు వేసుకునే ముందు ఎన్ని పోయాయో చెప్పాలి.

"ఇయ్యాల ఆరు" అనేదాన్ని నేను.

"ఏడు."

"ఆరే బాపూ, నేను లెక్కవెట్టిన."

"నువ్ లోపల మందు తియ్యనీకె పోయినప్పుడు ఒకటి పోయింది. మస్తుసేపు ఉన్నవ్ గద లోపల."

నవ్వుతూనే అన్నాడు. లెక్కలో నేను ఓడిపోయానన్న ఉడుకుమోత్తనంలో ఆ మాట మీద నాకు ధ్యాస లేదు.

పన్నెండో రోజు పెద్దమ్మ మళ్లీ వచ్చింది. నన్ను నీళ్లకు పంపి బాపుతో ఏదో మాట్లాడింది. నేను బిందెతో వచ్చేసరికి చక్కెర డబ్బా నిండుగా ఉంది. నా అదృష్టం అనుకున్నాను. ఆ వారంలో రెండు రోజులు బాపు దగ్గు తగ్గింది కూడా. లేచి కూర్చుని వలకు పడిన చిరుగు ఎక్కడుందో చూడమన్నాడు. తెల్లవారి మళ్లీ పడుకున్నాడు. రెండు చిటికెలకే ఇంత తగ్గితే మూడోదెందుకు అని నా మనసుకు నేనే చెప్పుకున్నాను. దొంగ లెక్క ఎలా వేస్తారో కూడా అప్పుడే నేర్చుకున్నానన్నమాట.

ఇరవై రెండో రోజు సాయంత్రం ఆకు అందిస్తే నాలుక మీద వేసుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"కంపౌండరమ్మా, నీ చెయ్యి మంచిది."

"దగ్గు తగ్గిందా?"

"తగ్గుతది. నువ్ ఫికర్ చెయ్యకు. నువ్ తిన్నవా?"

"ఏం తినాలె?"

"అన్నం" అన్నాడు.

ఇరవై మూడో రోజు పొద్దున బాపుకు ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా అయ్యాయి. అమ్మ వాకిట్లో నిలబడి కేక వేసింది. ఎవరో జీపు తెచ్చారు. నలుగురు మంచంతోనే లేపారు. నేను గుమ్మి దగ్గరికి పరుగెత్తాను. ఆ రోజు అరచేతిలో మూడూ వేశాను. ఒకటి, రెండు, మూడు. నా నాలుకకు ఒక్క రవ్వ కూడా తగలనీయలేదు. పిడికిలి బిగించి బయటికి వచ్చేసరికి బాపును జీపు వెనక పడుకోబెట్టారు.

"మందు! మందు వెయ్యలె! ఆగుండ్రి!"

"ఇప్పుడు మందేందే, జరుగు" అని ఎవరో నన్ను పక్కకు లాగారు. బాపు తల నా వైపే ఉంది. పైకి లేపబోయాడు, లేవలేదు. జీపు కదిలింది. బస్టాండు దాకా వెనకే పరుగెత్తాను. పట్నం రోడ్డెక్కాక నాకు అందలేదు.

చెయ్యి విప్పితే చెమటకు పొడి ముద్దయి గీతల్లోకి ఇంకింది. సాయంత్రం దాకా ఆ చెయ్యి కడుక్కోలేదు. బాపు వచ్చాక వేయాలి గదా అనుకున్నాను.

బాపు నడిచి రాలేదు.

దినాలకు ఇంటికి సున్నం వేశారు. ఇరవై రెండు బొగ్గు గీతలూ ఆ సున్నం కింద కలిసిపోయాయి. కొన్నాళ్లకు అమ్మ వలను రావిర్యాల వైపు వాళ్లకెవరికో ఇచ్చేసింది. మిగిలిన పొడిని ఏం చేశారో నాకు తెలియదు. నేను మళ్లీ గుమ్మి వైపు వెళ్లలేదు.

పదేళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ పదేళ్లూ నా మూడో చిటికెడు పడి ఉంటే బాపు లేచేవాడనే నమ్మాను. పెద్దమ్మ వెంట పెళ్లి వంటలకు పోయేదాన్ని, సామాను లెక్క చెప్పేదాన్ని, చెక్క మాత్రం చేత్తో ముట్టేదాన్ని కాదు. కాగితంలో పోసి తూచేదాన్ని. చివరికి నా పెళ్లి రోజు వాకిట్లో బగారా అన్నం గుండిగ మూత తీశారు. ఆ ఆవిరి తగలగానే పసుపు బట్టలతోనే వెనక దొడ్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను. పెద్దమ్మ గంటెతోనే వెనక వచ్చింది.

"ఏందే, ఏమైంది? పొద్దటి నుంచి ఏం తినలే గదా?"

అక్కడే, తోమాల్సిన బాసాన్ల కుప్ప పక్కన, అంతా చెప్పేశాను. రెండు బాపుకు, ఒకటి నాకు. ఆమె కొడుతుందనుకున్నాను. గంటె కింద పెట్టి నా మూతి తుడిచింది.

"నాకెరుకనే."

"ఎట్ల?"

"మీ బాపే చెప్పిండు. పన్నెండో దినం నేనొస్తె, వదినా, చక్కెర జర ఎక్కువ పెట్టిపో, పిల్ల నా మందు తింటున్నది, ఉత్తది తింటే నోరు పొక్కుతది అన్నడు."

ఆమె కొంగుతో నా చేతులు కూడా తుడిచింది.

"నేను కోపం జేసిన. దాని వీపు పలగ్గొడ్త అన్న. కొడితే నా మీదొట్టు అన్నడు. ఇంట్ల దానికి తియ్యగ దొరికేది గదొక్కటే వదినా, తిననియ్ అన్నడు. ఊకో. మొకం కడుక్కో. అవతల పిల్లగాడు ఎదురు చూస్తున్నడు."

ఆ పూట నాకు నెత్తిన జీలకర్ర బెల్లం ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో జ్ఞాపకం లేదు.

ఇంకా కొన్నేళ్లకు, అమ్మను చూపించడానికి పట్నం దవాఖానకు వెళ్లినప్పుడు అక్కడి డాక్టరును అడిగాను. కంకర మిషన్ దుమ్ము ఛాతీలో చేరిన మనిషికి దాల్చిన చెక్క పొడి మూడు చిటికెలు పడితే బతుకుతాడా అని. ఆయన నన్ను వింతగా చూసి, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రాతి దుమ్మును ఏ పొడీ తీయలేదమ్మా అన్నాడు. మూడు కాదు, ముప్పై పడినా అంతేనన్నాడు. మంచి మాట. దాంతో నా నిద్ర కొంత తిరిగి వచ్చింది. నేను బాపును చంపలేదని ఆ రోజు నుంచి నాకు తెలుసు. కానీ అతని ఆకులోంచి నేను తిన్నది అలాగే ఉంది. దాన్ని ఏ డాక్టరూ కొట్టేయలేడు.

మొన్న మా అమ్మాయి వెళ్లిపోయాక దాని కూతురు నా దగ్గరే ఉండిపోయింది. దానికీ ఎనిమిదేళ్లే. పొట్లం తీసి ఒక పళ్లెం మీద నా చిటికెడు పోశాను. పక్కన దాన్ని పోయమన్నాను. ఒకటి పోసింది, రెండు పోసింది, మూడోది సగం పడగానే రెండు కుప్పలూ ఒకటయ్యాయి.

"రెండున్నర అమ్మమ్మా."

"సరిగ చూసినవా?"

"చూసిన. రెండున్నరే."

నిజమే. దాని వేళ్లు బొద్దుగా ఉన్నాయి. ఆ వయసులో నావి అలా లేవు. అది పళ్లెం మీది పొడిని వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకోబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

"తిననా?"

లేచి వెళ్లి చక్కెర డబ్బా తెచ్చాను. దాని అరచేతిలో ఇంత పొడి వేసి మీద చక్కెర చల్లాను. మూత నేనే తీశాను, చాటుకు పోవలసిన పని లేకుండా. అది నాకి, కళ్లు చిట్లించి, "మస్తుంది" అంది. నేను వాకిట్లోకి వచ్చేశాను. పైన విమానం ఒకటి పోతోంది, పెద్దది, ఎయిర్‌పోర్టుకు. లెక్కపెట్టడానికి పక్కన ఎవరూ లేరు.

ఇప్పుడు రోజూ పొద్దున గోళీ వేసుకుని, వేడి నీళ్లలో ఆ పొడి కొంచెం కలుపుకుని తాగుతున్నాను. చెంచాతోనే తీస్తాను. ఒంటికి మేలు చేస్తుందో లేదో మూడు నెలలకు పరీక్ష చేస్తే తెలుస్తుంది. పెత్రమాసకు, పెద్దలను తలుచుకునే ఆ అమావాస్యకు, బాపు పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు అందులో చిటికెడు పొడి వేద్దామా అని ఏటా అనుకుంటాను. వేయలేదు. అది బాపు నాలుక మీద పడదు గనక లెక్కలోకి రాదు.

నాలుగో రోజు నుంచి ఇరవై రెండో రోజు దాకా పందొమ్మిది రోజులు. రోజుకు రెండు పూటలు. పూటకు ఒకటి. ముప్పై ఎనిమిది నా చిటికెలు. బాపు వేళ్ల లెక్కలో పన్నెండు, పైన రెండు చిన్నవి.

ఇందులో ఈ రోజుకూ ఒక్కటి తగ్గలేదు. పన్నెండు, పైన రెండు.